గోడమీది గుర్రానికి రెండో కన్ను

చిత్రాశ్వపురి కోట సింహద్వారం దాటి రాజవీధిలో నూరడుగులు వేశాడో లేదో, గండన ముక్కుపుటాలు ఎగరేసి ఆగిపోయాడు. గాలిలో మల్లెపూల వాసన ఉంది, అగరుధూపం ఉంది, నేతిలో వేగుతున్న అరిసెల కమ్మదనం ఉంది. ఉండవలసిన వాసన ఒక్కటే లేదు.

మూడు వందల జయాశ్వాలున్న నగరమని దేశదేశాలవాళ్ళు చెప్పుకునే ఊరది. మూడు వందల గుర్రాలున్న చోట లద్దె వాసన ఆమడ దూరం నుంచే ఎదురొచ్చి పలకరించాలి. ఇక్కడ వీధుల్లో ఒక్క లద్దె ఉండ లేదు, దాని మీద వాలే ఈగ లేదు, ఉలవలు ఉడికే గంగాళం లేదు. గండన పుట్టింది మొదలు గుర్రపుసాలలో పడుకుని లేచినవాడు. లద్దె వెయ్యని గుర్రాన్ని అతను చూడలేదు, ఉంటుందని నమ్మనూ లేదు.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. ఈ ఊరికి ఆ దిబ్బ కూడా లేదు" అని గొణుక్కుంటూ ముందుకు నడిచాడు.

గండన నెమలికొండ సీమలో గుర్రాలకు నడకలు నేర్పే సాహిణి. ఆ సీమ యువరాజు ఇందువర్మా, అతనూ ఒకే తల్లి పాలు తాగారు. రాణి బాలింతగానే కన్నుమూస్తే గండన తల్లే ఆ పసివాణ్ణి తన రెండో రొమ్ముకు ఆనించుకుంది. కిందటేడు జయపంచమి నాడు ఇందువర్మ తన గుర్రం నల్లంచు మీద ఈ ఊరి పందేనికి వచ్చాడు, ఓడాడు, తిరిగి రాలేదు. ఓడినవాణ్ణీ వాడి గుర్రాన్నీ ఆస్థాన చిత్రకారుడు వర్ణకేతుడు మంత్రంతో గోడలోకి బొమ్మగా దింపేస్తాడని ఒక బైరాగి చెప్పాడు. మళ్ళీ జయపంచమి వచ్చిన సాయంత్రం ఆ బొమ్మ మీద లక్కపూత పూస్తారట. పూత ఆరిందంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మనిషిని బయటికి తియ్యలేడట. ఆ సాయంత్రం ఇవాళే.

అందుకే గండన తన ఆడగుర్రం తంగేడును ఊరి బయట చాకిరేవులో గాడిదల మధ్య కట్టేశాడు. చిరిగిన చెవి, దంచిన పసుపుకొమ్ము రంగు ఒళ్ళు ఉన్న ఆ గుర్రాన్ని కోట కావలివాళ్ళు గాడిదల్లో ఒకటనే అనుకున్నారు. ఈ నగరంలో గుర్రం గురించి తెలిసినవాడు ఎవడూ లేడని గండనకు అక్కడే అర్థమైంది. గడ్డం అంటించుకుని, చెవి సందున కుంచె దోపుకుని, దక్షిణాది చిత్రకారుణ్ణని చెప్పుకుంటూ చిత్రశాలకు చేరాడు.

ఆ చిత్రశాల గోడ పొడవు నూట ఇరవై బారలు. స్ఫటిక స్తంభాల మధ్య నుంచి పడే ఎండలో ఆ గోడంతా తళతళలాడుతోంది. ముత్యాల కుచ్చులు, పగడాల కళ్ళేలు, బంగారు రికాబులు, పట్టు జీనులు, వాటి కింద పాలనురుగు రంగు గుర్రాలు బారులు తీరి పరుగెడుతున్నాయి. ప్రతి గుర్రం కంటికీ తామరరేకు ఆకారం, లోపల పాప మాత్రం పెట్టలేదు. ప్రతి గుర్రం మెడా హంస మెడే. ముందుకాళ్ళు రెండూ ముందుకి, వెనకకాళ్ళు రెండూ వెనక్కి బారచాపుకుని, పొట్ట నేలకు తగలకుండా గాలిలో ఉన్నాయవి. మేకు కొట్టి ఎండలో ఆరేసిన తోళ్ళలా ఉన్నాయి. పరుగెత్తే గుర్రం గాలిలోకి లేచినప్పుడు నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుంటుందని కొండసీమలో గొర్రెలు కాసేవాడికి కూడా తెలుసు.

గండన కళ్ళు బారు చివరకు పోయాయి. అక్కడ అందరికన్నా వెనక, తల దించుకుని, సిగ్గుతో ముఖం వంకర పోయిన రౌతు ఒకడు గుర్రం మీద ఉన్నాడు. ఇందువర్మే. పక్కనే నేల మీద లక్క కాచే మూకుడు, పూత కుంచెలు సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

"ఏమోయ్ దక్షిణాదివాడా, నోట మాట రావటం లేదా?" అంటూ వర్ణకేతుడు వచ్చాడు. వెదురుబద్దలాంటి మనిషి. పది వేళ్ళ గోళ్ళకూ పది రంగులు. వెనకాలే సభలోని పండితులు వెంట రాగా, పన్నెండుగురు మోసుకొచ్చిన పల్లకీలో మహారాజు ప్రతాపకుంజరుడు ఉన్నాడు. అశ్వవీర, తురగసింహ, రౌతురాయ అని ఆయనకు పద్దెనిమిది బిరుదులు. జన్మలో గుర్రం ఎక్కి ఎరగడు. ఎక్కితే గుర్రానికే ప్రమాదం.

"తమరి గోడ చూస్తే ఎవరికైనా మాట పడిపోతుంది స్వామీ. కాస్త అర్థం చెప్పి పుణ్యం కట్టుకోండి" అన్నాడు గండన.

వర్ణకేతుడికి కావలసిందీ అదే. "నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులు. జూలు అగ్నిజ్వాల. తెలుపు కీర్తి. ముందున్న గుర్రం మా ప్రభువు, వెనకున్నవన్నీ లోకం. పందెమంటే ఏమనుకున్నావు? అది కాలచక్రం."

"మరి పొట్ట దేనికి గుర్తు స్వామీ?"

"పొట్టేమిటి?"

"గుర్రానికి పొట్ట ఉంటుంది గదండీ. అందులో ఉలవలు పడతాయి. ఆ తరవాత తోక కింద నుంచి…"

"కళలో అవి రావు" అన్నాడు వర్ణకేతుడు, ముక్కు మీద పట్టుగుడ్డ పెట్టుకుంటూ. మహారాజు అవునన్నట్టు తలాడించాడు.

"అన్నీ కుడివైపుకే పోతున్నాయేం?"

"ఎడమకు తిరిగిన గుర్రమంటే పారిపోతున్న గుర్రం. అపశకునం. ముప్పై ఏళ్ళుగా ఈ గోడ మీద ఒక్క గుర్రాన్నీ ఎడమకు తిప్పలేదు. నా బొమ్మలు ఉత్త బొమ్మలు కావు, చూడు."

అతను మొల నుంచి వెండి భరిణె తీశాడు. అందులో నల్లని కాటుక ఉంది. గోడ అంచున కన్ను రాయకుండా వదిలిన చిలక బొమ్మ ఒకటుంది. కాటుకలో వేలు ముంచి దానికి కన్ను పెట్టాడు. చిలక రెక్కలు విదిల్చి గోడ నుంచి ఊడి ఎగిరింది. సభంతా ఆహా అంది. గండన మాత్రం ఆ చిలక తన పక్కగా పోతున్నప్పుడు దాని అవతలి వైపు చూశాడు. ఆ వైపు ఈక లేదు, రంగు లేదు, కన్ను లేదు. ఉత్త సున్నపు గచ్చు, అందులో పొడుచుకొచ్చిన గడ్డిపరకలు. చిలక కుడికి ఒక చుట్టు తిరిగి, ఎడమ పక్కనున్న స్తంభాన్ని చూడలేక దాన్ని గుద్దుకుని పిడికెడు సున్నమై రాలిపోయింది.

"చిలకకు ఆయువు మూడింది" అని తేల్చేశారు పండితులు. ఎందుకు మూడిందని ఒక్కడూ అడగలేదు. మహారాజు అప్పటికే అరిసె తింటున్నాడు.

గండన మనసులో లెక్క కుదిరిపోయింది. ఈ ఊరి జయాశ్వాలన్నీ గోడ గుర్రాలే. గోడ గుర్రానికి ఒకవైపే ఉంటుంది. ఎడమ నుంచి ఏదొచ్చినా కనబడదు. పందెంలో దాన్ని ఎడమ పక్క నుంచి నెట్టి ఏ రాతికో తగిలిస్తే చాలు, సున్నమైపోతుంది. గెలిచినవాడు కోరింది ఇవ్వాలన్నది పందెపు మాట. బొమ్మకు ప్రాణం పొయ్యటానికి ఆ కాటుక కొంచెం చిక్కితే ఇందువర్మను తనే గోడ నుంచి దింపుకోవచ్చు.

"నీ చేతివాటం కూడా చూద్దాం. ఒక గుర్రం కన్ను రాయి" అని వర్ణకేతుడు తాటాకూ మసీ ఇచ్చాడు.

గండనకు బొమ్మలు రావు. అయితే గుర్రం కన్ను అతను కొన్ని వేలసార్లు చూశాడు, రోగం వస్తే తడిగుడ్డతో తుడిచాడు, భయపడితే అరచేత్తో మూశాడు. ఉన్నదున్నట్టు గీశాడు. గుండ్రని ముదురు కన్ను, అందులో అడ్డంగా పడుకున్న పాప.

సభ పగలబడి నవ్వింది. "ఇది గుర్రం కన్నా? రేగుపండా?" అన్నాడు మహారాజు. "నా సాలలో ఏ గుర్రానికీ ఇలాంటి కన్ను లేదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడు ఈయన ముందు ఎందుకూ కొరగాడు. గండన సిగ్గుపడ్డట్టు తల వంచి, కాళ్ళకు మొక్కే వంకతో వర్ణకేతుడి పక్కనున్న భరిణెలో వేలు ముంచి, అందరూ చూస్తుండగానే బుగ్గ మీద పెద్ద చుక్క పెట్టుకున్నాడు.

"అదేమిటి?" అన్నాడు వర్ణకేతుడు కళ్ళు చిట్లించి.

"దిష్టి చుక్క స్వామీ. ఇంతమంది గొప్పవాళ్ళ కళ్ళు నా మీద పడ్డాయి."

"ఆ ముఖానికి దిష్టి కూడానా" అని వర్ణకేతుడు నవ్వాడు. మిగతావాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. గండన నవ్వించినవాడికి తగ్గట్టు ఇకిలించి, వెనక్కి నడుస్తూ బయటపడ్డాడు.

మధ్యాహ్నం దాటి ఎండ వాలేసరికి పందెపు మైదానం జనంతో నిండిపోయింది. మైదానం గుండ్రంగా ఉంది. విచిత్రమేమంటే రాజుగారి మేడా, ప్రజల అరుగులూ అన్నీ వలయం నడిమధ్యన మట్టిదిబ్బ మీదే ఉన్నాయి. బయటివైపున నడుమెత్తు రాతిగోడ, దాని అవతల ఎండిపోయిన వాగు, కొండలు. అటు పక్క నిలబడటం రాజద్రోహమట. ప్రభువు మేరుపర్వతం కనక గుర్రాలన్నీ ఆయన చుట్టూ ప్రదక్షిణంగా తిరగాలని వర్ణకేతుడు శాస్త్రం చెప్పాడు. గండనకు ఆ శాస్త్రం మర్మం చిటికెలో తెలిసింది. ప్రదక్షిణంగా పోయే గుర్రానికి లోపలివాళ్ళకు కనబడేది కుడివైపే. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో గెలిచిన గుర్రం రెండో పక్క చూసినవాడు లేడు. చూడాలని అనుకున్నవాడూ లేడు.

"జయాశ్వంతో తలపడే మొనగాడెవడు?" అని చాటింపు పడింది. బంగారు కవచాలతో వచ్చిన ముగ్గురు రాజకుమారులు గొంతు సవరించుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు తప్పుకున్నారు. అప్పుడు గడ్డం పీకేసిన గండన, చిరిగిన చెవి తంగేడు మీద, బుగ్గన కాటుక చుక్కతో లోపలికి వచ్చాడు.

"నెమలికొండ సాహిణిని. పేరు గండన. మా చిన్నదొర కోసం వచ్చాను" అన్నాడు.

మహారాజు పొట్ట కదిలేలా నవ్వాడు. వర్ణకేతుడు నవ్వలేదు. బుగ్గ మీది చుక్కను గుర్తుపట్టాడు. దొంగతనం బయటపెడితే కాటుక రహస్యం జనానికి తెలిసిపోతుంది, పెట్టకపోతే వీడు ఏం చేస్తాడో తెలియదు. ఒక్క క్షణం ఆలోచించి రాజు చెవిలో ఊదాడు.

"ప్రభూ, వాళ్ళ వేలితో వాళ్ళ కన్నే పొడిపిద్దాం. ఇవాళ్టి జయాశ్వంగా గోడ మీది కొండరాజు కొడుకునే దింపుతాను."

గండనకు ఆ గుసగుస వినబడలేదు. చిత్రశాల తలుపులు తెరుచుకుని నల్లంచు బయటికి రావటం కనబడింది. పాదాలు నేలకు జానెడు ఎత్తున, కాళ్ళు బారచాపుకునే, గాలిలో జారుకుంటూ వచ్చింది. మీద ఇందువర్మ ఉన్నాడు. తంగేడు ఒక్కసారిగా చెవులు నిక్కించి సకిలించింది. నల్లంచు దాని కడుపున పుట్టిన పిల్లే. తల్లి పిలుపుకు నల్లంచు తల కూడా తిప్పలేదు.

గండన రాతికి కొట్టి సున్నం చేద్దామనుకున్న గుర్రం మీద తన తల్లి పాలు తాగినవాడు కూర్చుని ఉన్నాడు. ఓడితే ఇద్దరూ గోడపాలు. గెలవాలంటే చిన్నదొరను చేతులారా చంపుకోవాలి. వేసిన ఎత్తు ఏకు మేకై కూర్చుంది.

నగారా మోగింది. గుర్రాలు కదిలాయి.

ఈ ఊరి పందెం కూడా బొమ్మ కోసమే. మొదటి చుట్టు రెండు గుర్రాలూ సమానంగా పోవాలి, రెండో చుట్టులో జయాశ్వం మెడ ముందుండాలి, మూడో చుట్టులో శత్రువు దుమ్ములో కలవాలి. గోడ మీద అలా గీస్తే అందంగా ఉంటుందని వర్ణకేతుడి కూర్పు. కాబట్టి గండనకు దక్కింది ఒక్క చుట్టు. అతను తంగేడును బయటివైపుకు తీసి, నల్లంచు ఎడమ పక్కకు చేరాడు.

ఆ వైపంతా తెల్లగా, మొద్దుగా, గోడ. మేస్త్రి తాపీ గీతలు కూడా అలాగే ఉన్నాయి. ఇందువర్మ సగం ముఖం ఉత్త గచ్చు.

"చిన్నదొరా, నేను, గండన్ని" అని అరిచాడు. ఆ పక్క చెవి లేదు. ఉన్న సగం నోటితో ఇందువర్మ దిబ్బ మీది పల్లకీ వైపు చూస్తూ "జయము ప్రభువుకు, జయము ప్రభువుకు" అని వల్లిస్తున్నాడు. పదేళ్ళ వయసులో కళ్ళేం లేని కోడెగుర్రం ఎక్కి కొండ దిగినవాడు ఆ అరిసెల మూటకు జయం పలుకుతున్నాడు.

పావు చుట్టు అయిపోయింది. తంగేడు మళ్ళీ సకిలించింది, బిడ్డ మళ్ళీ పలకలేదు. పలకటానికి దానికి తల్లి కనబడితే కదా. ఆ మాట తట్టగానే గండన చెయ్యి తనంత తనే బుగ్గ మీదికి పోయింది.

చుక్కలో వేలు అద్ది పక్కకు వంగాడు. తంగేడు ఒక రాయి దాటటానికి ఎగిరింది, వేలు గచ్చు మీద జారి పిచ్చిగీత పడింది. సగం కాటుక వృథా. అరచుట్టు అయిపోయింది. రికాబులో ఒక్క కాలు మీద వేలాడుతూ గండన రెండోసారి వంగాడు. నిజమైన గుర్రమైతే అడుగడుక్కీ ఎగిరెగిరి పడేది, దాని మీద ఎవడూ ఏమీ రాయలేడు. ఈ ఆరేసిన తోలు మాత్రం పలకలాగా కదలకుండా పోతోంది. వర్ణకేతుడి అజ్ఞానం ఒక్కసారైనా ఒకరికి పనికొచ్చింది. గండన గుండ్రంగా సున్న చుట్టి, అందులో అడ్డంగా పాపను పడుకోబెట్టాడు. సభ రేగుపండన్న కన్నే అది.

కన్ను రెప్ప వేసింది.

నల్లంచు మొదట గండనను చూసింది. తరవాత చిరిగిన చెవిని చూసింది. ముక్కుపుటాలు పొంగాయి. గచ్చు మీద పగుళ్ళు పాకి, ఆ పగుళ్ళలోంచి నల్లని వెంట్రుకలు మొలిచాయి. ఏడాదిగా బారచాపుకున్న కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, నాలుగు డెక్కలూ నేలను తాకాయి. ధనధనమని చప్పుడు. చిత్రాశ్వపురి జనం తమ జయాశ్వం డెక్కల చప్పుడు ఎన్నడూ వినలేదు, పిడుగనుకుని చెవులు మూసుకున్నారు. దానికి తోడు నల్లంచు పరుగులోనే తోకెత్తి ఏడాది బాకీ రాజుగారి పందెపు దారి మీద దఖలు పరిచింది.

"పద తల్లీ" అన్నాడు గండన. తంగేడు వలయం వదిలి రాతిగోడ దూకింది. బిడ్డ తల్లి వెంటే దూకింది.

దిబ్బ మీద మహారాజు పల్లకీ పట్టుకుని లేచాడు. "మన గుర్రం అటు పోతోందేం?"

"ఎడమకు…" అని నోరు జారబోయి వర్ణకేతుడు సర్దుకున్నాడు. "దిగ్విజయానికి ప్రభూ."

"ఆహా" అని మహారాజు చప్పట్లు కొట్టాడు. పండితులు పద్యాలు అందుకున్నారు. వర్ణకేతుడు మాత్రం భరిణె పట్టుకుని చిత్రశాలకు పరుగెత్తాడు. అక్కడ గోడ నిండా గుర్రాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

వాగు మలుపులో, ఇసుకలో గండన కళ్ళేలు లాగాడు. నల్లంచు తల్లి మెడకు ముఖం రుద్దుతోంది. దాని మీద ఇందువర్మ ఇంకా సగం గచ్చే. సగం నోరు ఇంకా జయం వల్లిస్తూనే ఉంది. గండన బుగ్గ తడుముకున్నాడు. చెమటకు కరిగి కాటుక గోరంతే మిగిలింది.

"కాస్త ఓర్చుకో చిన్నదొరా" అని వేలితో గచ్చు మీద కన్ను రాశాడు. రాశాక చూసుకుని గతుక్కుమన్నాడు. జన్మంతా అతను చూసిందీ, అతనికి వచ్చిందీ ఒక్క కన్నే. గుండ్రంగా, ముదురుగా, పాప అడ్డంగా పడుకున్న కన్ను. మనిషి ముఖాన గుర్రం కన్ను రాసి కూర్చున్నాడు. తుడిచి మళ్ళీ రాయటానికి కాటుక లేదు.

ఇందువర్మ ముఖం మీది గచ్చు పెచ్చులుగా రాలింది. చెంప వచ్చింది, చెవి వచ్చింది, రెండో సగం పెదవి వచ్చింది. జయం వల్లించటం ఆగిపోయింది. అతను తన నీడను చూసి ఒక్కసారి బెదిరి జీను మీదే పక్కకు ఒరిగాడు. తరవాత ఆ కొత్త కన్ను మెల్లగా తిరిగి గండన మీద నిలిచింది. నోరు తెరిచాడు. మాట రాలేదు. సకిలించాడు.

వెనక మైదానం వైపు ఆకాశంలో తెల్లని దుమ్ము లేచింది. వందల గుర్రాలు వస్తున్నాయి, ఒక్క డెక్క చప్పుడు లేదు. పారిపోవాలి. అయినా గండన కదల్లేదు. సకిలింపుల్లో ఆకలిది వేరు, బెదురుది వేరు, పోట్లాటది వేరు. ముప్పై ఏళ్ళుగా సాలలో పడుకున్నవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇందువర్మ మెడ చాపి, గొంతు లోపల నుంచి, సన్నగా, తెంపులు తెంపులుగా మళ్ళీ సకిలించాడు. మంద నుంచి తప్పిపోయిన గుర్రం, తనతో కలిసి పాలు తాగిన తోడును చాలాకాలానికి చూసినప్పుడు మాత్రమే అలా పిలుస్తుంది.